మేనేజరు తాగే నీళ్లు

"ఇది చూశాక మీరిక ఆ గ్లాసు నాటకం ఆడలేరు సార్," అంటూ ల్యాబ్ మేడం మూత పెట్టిన గాజు పళ్లేన్ని మేనేజరు బల్ల మీద పెట్టింది.

పళ్లెం నిండా పసుపు పచ్చటి జిగురు చుక్కలు. ఒకదాన్నొకటి అంటుకుని చీములా మెరుస్తున్నాయి. మేనేజరు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"ఛీ! ఫైళ్ల మీద పెడతారేంటండీ! తీయండి ముందు."

"మన బయటి గొట్టం నీళ్లలోవే సార్. ఊరి మురికంతా శుద్ధి చేశామని చెప్పి మనం చెరువులోకి వదిలే నీళ్లు. క్రోమియం కలిపి పెంచితే మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇవి చూడండి, ఎలా బలిశాయో! ఏ ఫ్యాక్టరీ వాడో మురుగులోకి ఆ విషం వదులుతున్నాడు, వీటికది అలవాటైపోయింది. అయిదు రకాల మందులు వేసి చూశాను. ఒక్కదానికీ లొంగలేదు. ఆ చెరువులో పిల్లలు ఈతలు కొడతారు సార్. రిపోర్టు పైకి పంపి గొట్టం మూయించండి."

"ఇవాళ పెద్దలు ప్లాంటు చూడ్డానికి వస్తున్నారు. వాళ్లు వెళ్లాక చూద్దాం."

"నాలుగు నెలలుగా ఇదే మాట సార్."

"ప్లాంటు మూతపడితే ముందు పోయేది మీ ఉద్యోగమే. అసలే నాకు కడుపులో బాగోలేదు. మా ఆవిడ వంట అలా తగలడింది. మీరు వెళ్లి ఫ్లాస్కు సిద్ధం చేయండి."

ఆ ఫ్లాస్కు సంగతి వాళ్లిద్దరికే తెలుసు. ఎవరొచ్చినా మేనేజరు వాళ్లని బయటి గొట్టం దగ్గరికి తీసుకెళ్తాడు. "ఇప్పుడే పట్టి పరీక్ష చేసిన నీళ్లు" అంటూ ఫ్లాస్కులోంచి గ్లాసులో పోసుకుంటాడు. గటగటా తాగేస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఫ్లాస్కులో ఉండేది మాత్రం ల్యాబ్‌లో పెట్టిన మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు. నింపేది మేడమే. ఆ పని చేసిన ప్రతిసారీ ఆమెకు తన మీద తనకే రోత పుడుతుంది.

గొట్టం దగ్గరికి వెళ్లాలంటే జల్లెడ తొట్టి దాటాలి. అందులో జుట్టు ఉండలు, పిల్లల డైపర్లు, ఉబ్బిపోయిన ఎలుక. పక్క తొట్టెలో గోధుమ రంగు నురగ బుడగలు కడుతూ పగులుతోంది. ఇక్కడ చేరిన ఏడాదికే ఆమె ముక్కు చచ్చిపోయింది. అయినా ఆ క్యాన్ నీళ్లు తప్ప ప్లాంటులో ఇంకేదీ ఆమె నోట్లో పెట్టుకోదు. టీ కూడా.

ఇవాళ ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా గొట్టం దగ్గరికే వెళ్లి ఫ్లాస్కు నింపింది. ఒక్కసారి తాగితే తెలిసొస్తుంది పెద్దమనిషికి! విసవిసా వెనక్కి వస్తుంటే మేనేజరు ఎదురయ్యాడు. కడుపు పట్టుకుని, పాలిపోయిన మొహంతో పెద్దల కోసం నవ్వు తెచ్చిపెట్టుకుంటున్నాడు.

ఆమెకు చేతులు రాలేదు. ఎంత దొంగైనా మనిషేగా. ల్యాబ్‌లోకి పరుగెత్తి ఆ నీళ్లు సింకులో పారబోసింది. ఫ్లాస్కును వేడినీళ్లతో కడిగి, మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రుద్దుకుంది. క్యాన్ వంచి ఫ్లాస్కు నింపింది. గొంతు తడారిపోయి ఉంటే తనూ రెండు గ్లాసులు తాగింది.

గొట్టం దగ్గర మేనేజరు ఆఖరి చుక్క దాకా తాగి మూతి తుడుచుకున్నాడు.

"తల్లిపాలంత స్వచ్ఛం!"

చప్పట్లు మోగాయి. దూరంగా చీపురు పట్టుకుని నిలబడ్డ ముసలి అటెండరు అందరికంటే గట్టిగా కొట్టాడు. మేడం అక్కడ నిలబడలేక వెనుదిరిగింది.

ఇక చాలనుకుంది. గదిలోకి వచ్చి తలుపేసుకుని, మేనేజరుతో చెప్పకుండా రిపోర్టును నేరుగా పై ఆఫీసుకు పంపించేసింది. ఫ్లాస్కు నాటకం కూడా దాచకుండా రాసింది. ఉద్యోగం పోతే పోనీ, చేతులు శుభ్రంగా ఉంటే చాలు. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలికపడింది.

తలుపు తట్టి అటెండరు లోపలికి వచ్చాడు. భుజం మీద నిండు క్యాన్.

"ఏంటి బాబాయ్, క్యాన్ల వ్యాను ఇవాళ పెందరాళే వచ్చిందే?"

బాబాయ్ క్యాన్ దించి, పైన పడ్డ చుక్కల్ని తువ్వాలుతో తుడుస్తూ నవ్వాడు.

"వ్యానెక్కడిదమ్మా, వాడు రావడం మానేసి అయిదు నెలలైంది, సార్ అంతటివారే అందరి ముందూ లొట్టలేసుకుంటూ తాగుతుంటే మనకేం భయమని అప్పట్నుంచీ ఆ గొట్టం దగ్గర నేనే పట్టి, గుడ్డతో వడగట్టి మరీ తెస్తున్నా!"