అమ్మకానికి లేని కథ

"హోటళ్ళ యజమాని చేతులకి హెర్రింగ్ చేపల వాసనేమిటో ఎవరైనా చెప్పండి," అంటూ మాక్సీన్ పుస్తకాన్ని బల్ల మీద పడేసింది.

గదిలో ఉన్న ఇరవై మందీ నవ్వారు. ఇంగ్లండ్‌లో క్రూ అనే ఊరి స్టేషన్ పక్కనున్న హోటల్లో ఏటా ఒక శనివారం వీళ్ళంతా కలుస్తారు. ఎప్పుడో ఆగిపోయిన టీవీ సీరియల్ ఒకటి. అందులో ఒక చేపల పడవ కెప్టెన్, అతని వెంటపడే కస్టమ్స్ ఆఫీసరమ్మ. సీరియల్ అయిపోయేదాకా ఇద్దరూ చెయ్యయినా పట్టుకోలేదు. ఆ లోటు తీర్చడానికి వీళ్ళు పదేళ్ళుగా ఒక వెబ్‌సైట్లో వాళ్ళ మీద కథలు రాసుకుంటున్నారు. మారుపేర్లతో, ఉచితంగా.

వాటిలో ఒకటి ఇప్పుడు ఎవరూ వినని పేరుతో నవలగా అచ్చయింది. రైల్వే స్టేషన్లలో కుప్పలు పోసి అమ్ముతున్నారు. కెప్టెన్ కాస్తా హోటళ్ళున్న కోటీశ్వరుడయ్యాడు. ఆఫీసరమ్మ అతని సెక్రటరీ అయింది. నాలుగో అధ్యాయం దాటాక ఇద్దరి ఒంటి మీదా బట్ట నిలవదు. పేర్లన్నీ మార్చారు గానీ నూట తొంభయ్యో పేజీలో చేపల వాసన తీసెయ్యడం మరిచిపోయారు. ఆ పేజీ తలుచుకుంటేనే మాక్సీన్‌కి ఒళ్ళు మండుతుంది. అంత అజాగ్రత్తా?

"ఇది నీ కథే కదూ, డిలిస్?" అంది మాక్సీన్.

అందరూ వెనక వరసలోకి చూశారు. డిలిస్ రెక్స్‌హామ్‌లో బడిపిల్లలకి వండిపెట్టే మనిషి. ఏడేళ్ళుగా ఈ గుంపులో ఉంది.

"కథ నాదే. అచ్చు వేయించింది మాత్రం నేను కాదు," అంది. "సైట్లో అందరికీ కనిపించేదేగా. ఎవరో ఎత్తుకుపోయారు."

"అయితే కేసు పెట్టకపోయావా?" అన్నాడు నార్మన్. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఇతనూ కెప్టెన్ మీద కథలు రాస్తున్నాడు.

"ఏమని పెట్టను? కెప్టెన్ నాకు మాత్రం సొంతమా? దొంగసొమ్ము పోయిందని పోలీసుల దగ్గరికి వెళ్ళమంటావా?"

"దొంగకి తేలు కుట్టినట్టుంది నీ సంగతి," అన్నాడు నార్మన్. మళ్ళీ నవ్వులు.

మాక్సీన్ నవ్వలేదు. డిలిస్‌ని చూస్తేనే ఆమెకు చులకన. గుంపులో ఒక్కో రచయితకీ కథ దిద్దిపెట్టే మనిషి ఒకరుంటారు. అధ్యాయం సైట్లోకి ఎక్కేముందు వాళ్ళే చదువుతారు, ఊరికే. డిలిస్‌ది ఏడేళ్ళుగా మాక్సీనే దిద్దింది. మొదలెక్కడో చివరెక్కడో తెలియని వాక్యాలు. పేజీకి పదిసార్లు కెప్టెన్ గర్జించేవాడు. మాక్సీన్ ఎనిమిది గర్జనలు కొట్టేసేది. ఆ చెత్తని కథ చేసింది ఎవరు? అయినా పొగడ్తలన్నీ డిలిస్‌కే. దిద్దినదాని మొహం చూసినవాడు లేడు.

"సైటు పెట్టిన రోజే రాసుకున్నాం," అంది మాక్సీన్. సైటు నడిపేది ఆమే. "మన కథలు అమ్మకానికి కాదు. అమ్ముకున్నవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. మహాతల్లి పెద్ద రచయిత్రి అయిపోయింది, ఇంకా మనతో పనేముంది?"

"నేను అమ్ముకోలేదు, మాక్సీన్. అమ్ముకుంటే ఇంకా ఆ బంగాళాదుంపలు ఎందుకు చెక్కుతాను?"

"అలవాటు చావక."

డిలిస్ లేచి ముందుకొచ్చింది. "నాకు మీరు తప్ప ఎవరూ లేరు. ఆ కథకి రెండో భాగం రాయడం అయిపోయింది. వచ్చే వారం నుంచి పెడదామనుకున్నాను. మీరు చదవకపోతే అది ఇంకెవరికి?"

డిలిస్‌ని తీసెయ్యాలనేవాళ్ళని మాక్సీన్ చేతులెత్తమంది. ఒక్కొక్కటే లేచాయి. కొందరు తివాచీకేసి చూస్తూ ఎత్తారు. నార్మన్ సగం తిన్న సాసేజ్ రోల్ ఉన్న చేతినే ఎత్తాడు.

మాక్సీన్ అక్కడికక్కడే కంప్యూటర్ తెరిచింది. డిలిస్ ఖాతా, ఏడేళ్ళ కథ, వేల మంది రాసిన మెచ్చుకోళ్ళు అన్నీ రెండు నొక్కులతో పోయాయి. తెర ఖాళీ అవుతుంటే డిలిస్ కళ్ళప్పగించి చూసింది. తర్వాత కోటు తీసుకుని బయటికి నడిచింది.

వరండాలో మాక్సీన్ ఆమెని అందుకుంది.

"నియమం నియమమే, డిలిస్. అలాగని నేను రాక్షసిని కాను. కావాలంటే ఆ రెండో భాగం ఇవ్వు, ఎప్పటిలాగే దిద్దిపెడతాను. చదివేవాళ్ళు లేకపోయినా తప్పులు లేకుండా ఉంటుంది."

డిలిస్‌కి ఏడుపు ఆగలేదు. సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీకంటే ముందు ఎవరికీ చూపించలేదు. మన పద్ధతి అదేగా. నువ్వొక్కదానివైనా నన్ను నమ్మావు."

"నమ్మానని అనలేదు," అంది మాక్సీన్. "ముక్కు తుడుచుకో. నీ రైలు వచ్చే వేళయింది."

డిలిస్ స్టేషన్ వైపు రోడ్డు దాటేదాకా మాక్సీన్ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత వెళ్ళి కారులో కూర్చుని, తలుపు వేసుకుని, లండన్‌లో ఉన్న తన ప్రచురణకర్తకి ఫోన్ చేసి, "రెండో భాగం పూర్తి చేశానండీ, దీని మీద కూడా నా అసలు పేరు వద్దు, మొదటిదానికి పెట్టుకున్న మారుపేరే వెయ్యండి," అంది.