సముద్రం సూసినాక తిందువులే

"రెండు చాలప్పా," అంటూ వసంతమ్మ టిఫిన్ క్యారియర్ మూత పెట్టేసింది.

మూడో ఇడ్లీ కోసం చాపిన ఆకును డ్రైవరు మునిరాజ మెల్లగా మడుచుకున్నాడు.

ఏడు గంటలైంది. కారు పుంగనూరు ప్యాలెస్ గేటు ముందు ఆగి ఉంది. కురబలకోట నుంచి ఒక్క రోజుకు మాట్లాడుకున్న బాడుగ కారు అది. ఇక్కడ ప్యాలెస్, తర్వాత చంద్రగిరి రాజమహల్, మధ్యాహ్నానికి సముద్రం.

సముద్రం చూడాలని పిల్లలు మూడేళ్ళుగా ఏడుస్తున్నారు. ఆ ఏడాది టమోటాకు ధర పలికింది. వసంతమ్మకు ఇక సాకు దొరకలేదు.

"ఏమే, ఆ మనిషికి ఇంకో రెండు పెడితే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు భర్త వెంకటరమణ, గొంతు తగ్గించి.

"సొమ్ము కాదు. కడుపు నిండితే కండ్లు మూతలు పడతాయి. అంగళ్లు ఊరి కాడ పెండ్లి వ్యాను మర్చిపోయినావా?"

ఆయన మర్చిపోలేదు. ఆ డ్రైవరు విందు భోజనం తిని నిద్రపోయాడు. వ్యాను చెట్టుకు గుద్దుకుని ఏడుగురు పోయారు. అప్పటి నుంచి వసంతమ్మ బస్సెక్కినా డ్రైవరు కళ్ళే చూస్తుంది.

మునిరాజకు ఆ మాటలు వినపడినట్టున్నాయి. నవ్వాడు.

"నాకు నిద్ర రాదులేమ్మా. మాది గుడుపల్లె. మా ఊళ్ళో కోళ్ళను లేపేది నేనే."

"అందరూ అట్లే అంటారప్పా."

వాళ్ళు ప్యాలెస్ చూసి వచ్చేసరికి మునిరాజ గేటు పక్కన ఫోన్లో మాట్లాడుతున్నాడు.

చంద్రగిరిలో ఆమె అతన్ని కారు దగ్గర వదలలేదు. "ఆడ కూర్చుంటే కునుకు పడతాది. నువ్వూ మాతో రా."

అతను ఎనిమిదేళ్ళ లోకేష్‌ను భుజానికెత్తుకుని మహలు మెట్లన్నీ ఎక్కాడు.

"రాజుకు ఇన్ని రూములు యాల?" అన్నాడు లోకేష్.

"రాణి అలిగి ఒక దాంట్లో తలుపేసుకుంటే, ఆయప్ప ఇంకోదాంట్లో పడుకోవద్దా సామీ?"

పెద్దది రూప పకపకా నవ్వింది. వసంతమ్మ నవ్వలేదు. అతని కళ్ళు ఎర్రబడ్డాయేమో చూస్తోంది.

శ్రీకాళహస్తి దాటాక, ఎండ నడినెత్తిన ఉండగా, రోడ్డు పక్క నీడలో చిత్రాన్నం విప్పారు. మునిరాజ చేతులు కడుక్కుని దగ్గరికి వచ్చాడు.

"నీకు డికాషన్ తెచ్చినానప్పా. చక్కెర ఎయ్యలేదు, నిద్ర దగ్గరికే రాదు. నీ వంతు అన్నం ఎత్తి పెట్టినా. సముద్రం సూసినాక తిందువులే."

"ఒక పిడికెడన్నా పెట్టు తల్లీ."

"నా బిడ్డల పానాలు నీ సేతిలో ఉండాయి. అర్థం సేసుకో అప్పా."

అతను పిల్లల వైపు ఒకసారి చూశాడు. డికాషన్ తాగి గ్లాసు కడిగి ఇచ్చాడు.

నాయుడుపేట దాటేసరికి అతని చొక్కా తడిసి ముద్దయింది. స్టీరింగు మీద చేతులు వణుకుతున్నాయి.

"గొర్రెలు... అడ్డమొస్తాండాయి..." అన్నాడు. రోడ్డు మీద గొర్రె ఒక్కటీ లేదు.

కారు ఒకసారి పక్కకు ఊగింది. వసంతమ్మ కెవ్వుమంది.

అతను బండిని రోడ్డు దింపి ఆపాడు. హ్యాండు బ్రేకు లాగాడు. తాళం తీసి వెంకటరమణ చేతిలో పెట్టాడు.

"నా వల్ల కాదన్నా." నాలుక మడత పడుతోంది.

"తాగినాడు!" అంది వసంతమ్మ.

"యాడ తాగినాడే? పొద్దున్నించి మన పక్కనే ఉండాడు కదా?"

"ఆ తూలేది సూడు, ఆ మాట సూడు! తాగినోళ్ళను నేను సూడలేదా? మత్తు దిగేదాకా పడుకోనీ."

అతన్ని వెనక సీటులో పడుకోబెట్టి, అద్దాలు దించి, అటుగా వచ్చిన ఆటో ఎక్కారు.

పిల్లలు సముద్రం చూశారు. రూప పావడా ఎత్తిపట్టుకుని అలల్లో పరుగెత్తింది. లోకేష్ ఉప్పునీళ్ళు మింగి ఉమ్మి, మళ్ళీ మింగాడు. వసంతమ్మ ఇద్దరి చేతులూ వదలకుండా, ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

"దేవుడుండాడు. లేకుంటే ఆ తాగుబోతు మనల్ని యాడ గుద్దేసేటోడో!"

రెండు గంటల తర్వాత తిరిగి వచ్చారు. పాపమనిపించింది ఆమెకు. ఆకులో చిత్రాన్నం పెట్టుకుని కారు తలుపు తీసింది.

"లెయ్యప్పా, అన్నం తిందువు."

అతను లేవలేదు.

ఆస్పత్రిలో డాక్టరు చేయి పట్టుకుని చూసి వదిలేశాడు. చొక్కా జేబులోని మాత్రల చీటీ తీసి చదివాడు.

"ఇతను తాగలేదమ్మా. షుగర్ జబ్బు. మాత్ర వేసుకుని తిండి తినకపోతే ఇట్లాగే వణుకుతారు, తూలుతారు. కాస్త చక్కెర నోట్లో వేసి ఇక్కడికి తెచ్చినా బతికేవాడు. చివరిసారి ఎప్పుడు తిన్నాడు?"



మూడో రోజు వసంతమ్మ కుప్పం బస్సెక్కింది. దారి పొడుగునా ఒకే మాట కూడబలుక్కుంది. 'అన్నం పెట్టనిది నేనేనమ్మా.' అది చెప్పకుండా తిరిగి రాకూడదనుకుంది. చెబితే మునిరాజ ఇల్లాలు మీద పడి కొట్టినా సరే అనుకుంది.

గుడుపల్లెలో మునిరాజ ఇంటి ముందు ఆమె ఇంకా నోరు తెరవనే లేదు. అతని భార్య కెంపమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా తల్లీ, ఆ కారులో పోయిన వసంతమ్మవి? మాత్ర ఏసుకుని తింటాడో లేదో అని నాకు రోజూ భయమే. షుగరని తెలిస్తే ఎవరూ బాడుగకు పిలవరని బయట సెప్పేటోడు కాదు. ఆ పొద్దు పుంగనూరు నుంచి పక్కింటికి ఫోన్ సేసినాడు. 'నా తిండి గురించి దిగులు పడాకు కెంపీ, ఈ పొద్దు నేను పోతాండేది అమ్మలాంటి మనిషితో, నేను అడగకముందే పెడతాది' అన్నాడు."