తిరిగిందా నాన్నా?

నాన్నగారికి,

ఫోనులో అడిగితే మళ్లీ అబద్ధమే చెబుతారని ఈ కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్‌గారి చేత చదివించుకోండి.

మన రొయ్యల చెరువు మోటారును ఫోనుతో తిప్పడానికి నేను బిగించిన పెట్టె నలభై రోజులుగా పనిచేయడం లేదట. యాప్ అడుగున చీమంత అక్షరాల్లో రాసి ఉంది, ఇవాళ చూశాను.

ఇన్నాళ్లూ తాడేపల్లిగూడెం హాస్టల్లో కూర్చుని యాప్‌లో దర్జాగా మీట నొక్కి, "తిరిగిందా నాన్నా?" అని ఫోను చేశాను.

"ఒక్క నిమిషం ఉండమ్మా... ఆఁ, తిరుగుతోంది. చదువంటే నీదేనమ్మా" అనేవారు మీరు, ఆయాసపడుతూ.

చుట్టలు మానమని నేను ఉపన్యాసాలిచ్చాను.

నా మాట నమ్మి వీరవెంకటరమణ బాబాయిగారు పదిహేనో తేదీన అదే పెట్టె కొంటున్నారు. ఆ మోకాళ్ల నొప్పులతో ఆయన మీలా గట్టు వెంట పరుగెత్తి మోటారు వేయలేరు. పన్నెండో తేదీలోగా నిజం రాయించి పంపండి.

మీ ఇందుజ