మైకు కనిపిస్తేనే మాట

"రేడియో వద్దని చెప్పాను కదా నతానియేలూ," అంటూ ఫ్లోరా ఆ నల్లటి సెట్టుని కౌంటర్ మీద అవతలికి నెట్టేసింది.

"ఒక్కసారి సూడొదినా. దేశదేశాల స్టేషన్లు పలుకుతాయంట. అన్నయ్యకి రేడియో అంటే ప్రాణం కదేటి?"

"మీ అన్నయ్యకి వినడం కాదు, మాట్లాడ్డం ప్రాణం."

"ఇకనుంచి వినడమే కదా మరి," అనేసి నతానియేల్ నాలిక కరుచుకున్నాడు. వదిన అప్పటికే ముఖం తిప్పుకుంది.

ద్వారకా నగర్‌లో ఆ సందు చివరి కొట్టు అర్జునరావుది. రేడియోలు, మైకులు, స్పీకర్లు అమ్ముతాడు, పాడైతే బాగుచేస్తాడు. ఏడో నెల కడుపుతో ఆమె నిలబడే బేరం చేస్తుంటే చూడలేక స్టూలు ముందుకి జరిపాడు.

"కూకోమ్మా. ఎవులికి గిఫ్టు?"

"మా ఆయనకండి. పెళ్లిరోజుకి మంచి మైకు కావాలి."

"ఎప్పుడు?"

"వచ్చే నెల."

"మరి కంగారేటి? సోమవారం కొత్త మాలొత్తాది. ఇంతకన్నా మంచి మైకులొత్తాయి."

"సోమవారం వద్దండి. ఈరోజు ఆయన ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద ఉండాలి."

"ఏటి సేత్తారు మీ ఆయన?"

నతానియేల్ పై అరలో పాట పాడుతున్న రేడియో వైపు చెయ్యి చూపించాడు. "అందులోనే ఉన్నాడు బాబాయ్. ఈ ప్రోగ్రాం చేసే మైఖేల్ మా అన్నయ్యే."

అర్జునరావు ముఖం వెలిగిపోయింది. "మైఖేల్ బాబేనేటి! రోజూ ఆ గొంతు ఇన్నాకే నాను టీ తాగుతాను. ఈమధ్య జలుబు సేసినట్టుంది గానీ."

"అవునండి," అంది ఫ్లోరా నెమ్మదిగా. "ఈరోజుదే ఆఖరి ప్రోగ్రాం."

"అదేటి? తీసేత్తన్నారా?"

వదినా మరిదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అర్జునరావు నిట్టూర్చాడు. "మా బావమరిదినీ ఇలాగే ఒక్క మాటతో ఇంటికి పంపేసారమ్మా. మనిషి నెల్లాళ్లు గడప దాటలేదు."

"ఈయనకి ఇంట్లో వారమై మాటే లేదండి. అన్నం పెట్టనా అంటే తలూపుతాడు. వద్దనడానికి చెయ్యూపుతాడు. ఉన్న మాటలన్నీ ప్రోగ్రాంకే దాచుకుంటన్నాడు. ఈ రాత్రికి ఎలాగైనా మాట్లాడించాలి. కాదంటే రేపు. ఆ తర్వాత..."

"ఫోన్లో రికార్డు చేసేద్దాం కదొదినా," అన్నాడు నతానియేల్.

"ఫోను పెడితే మీ అన్నయ్యకి నోరు పెగల్దు. మైకు కనిపిస్తేనే మాటొస్తాది. పెళ్లిచూపుల్లో చూళ్ళేదేటి నువ్వు? కాఫీ తాగేసి, ఖాళీ గ్లాసు మైకులా పట్టుకున్నాక గానీ నా పేరడగలేదు."

"నాన్న ఆ గ్లాసు లాక్కోబోతే వదల్లేదు కూడాను," అని నవ్వబోయాడు నతానియేల్. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అర్జునరావు స్టాండు మీదున్న గుండ్రటి మైకొకటి తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదైతే గుసగుస కూడా దొరుకుతాది. యూట్యూబ్ ఛానెల్ పెడతాడేటి? ఎంతమంది ఇంటారు?"

"ఒక్కరే." ఫ్లోరా చెయ్యి కడుపు మీదకి వెళ్లింది. "కథలూ కబుర్లూ అక్కర్లేదండి, పేరు పెట్టి పిలిస్తే చాలు. ఆడపిల్లకి ఒకటి, మగపిల్లాడికి ఒకటి అనుకున్నాం. రెండూ పిలవాలి."

అర్జునరావు పకపకా నవ్వాడు. "పిచ్చితల్లీ, పుట్టేసరికి ఆయన ఇంట్లోనే ఉంటాడు కదా. ఎత్తుకుని నోరారా పిలుచుకోడా?"

నతానియేల్ పక్కన వేలాడుతున్న వైర్లని చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

"ఒకసారి టెస్ట్ చేసి ప్యాక్ చెయ్యండి," అంది ఫ్లోరా. "పాడైతే మళ్లీ మార్చుకునే టైము లేదు."

మైకు బాగానే పనిచేసింది. అర్జునరావు పెట్టెకి టేపు అంటిస్తుండగా రేడియోలో పాట అయిపోయింది. మైఖేల్ గొంతు వచ్చింది, గరగరగా, మధ్యమధ్యలో తెగిపోతూ.

"ఇన్నాళ్లూ నా మాట విన్నందుకు... విశాఖకి నమస్కారం. ఇక సెలవు."

తర్వాత ప్రకటన మొదలైంది. అర్జునరావు చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

"రోజూ, రేపు మళ్లీ మాట్లాడుకుందాం అంటాడు కదమ్మా. ఇవాళ అన్లేదేటి?"

ఫ్లోరా పెట్టెని గుండెకి హత్తుకుని లేచింది. "నతానియేలూ, ఆటో పిలు. మద్దిలపాలెంలో ఆగిపోకుండా నేరుగా ఇంటికి పోనిమ్మను."

ఎల్లుండి ఆపరేషన్లో మైఖేల్ స్వరపేటిక తీసేస్తారు.