అడగని ఏడు భోజనాలు

“ఒక్కణ్ణి వస్తే ఎనిమిది భోజనాలకు బిల్లేంటయ్యా?” వడ్డనతోపాటే వచ్చిన చీటీని తాపీమేస్త్రి బల్లమీద విసిరాడు.

“రోజూ మీరు అడక్కుండానే ఎనిమిది పెడుతున్నాం. ఇవాళ వద్దని చెప్పాలిగా మేస్త్రిగారూ?” అన్నాడు హోటలాయన. “ఇంతకీ మీ కూలీలేరీ?”

“పడిపోకుండా నడుముకి కట్టుకునే తాడు కాంట్రాక్టరు ఇవ్వందే గోడెక్కేది లేదని సైటు గేటు ముందు భీష్మించుక్కూర్చున్నారు.”

“మరి మీరు?”

“గోడెక్కేది నేను కాదుగా.”

అనేశాక ఆ మాట తనకే చేదుగా తగిలింది. ఎదురుగా ఏడు పళ్లేల్లో అన్నం పొగలు కక్కుతోంది. కలిపిన ముద్ద నోటిదాకా రాలేదు.

“ఏడూ పొట్లాలు కట్టు.”

“మీది తినేసి వెళ్తారా?”

“అదీ కట్టు. వాళ్ల పక్కన కూర్చుని తింటా.”

“కాంట్రాక్టరు చూస్తేనో?”

మేస్త్రి చెయ్యి కడుక్కుని లేచాడు. “చూడాలనేగా గేటు ముందు కూర్చునేది!”