తల వంచిన సాక్షి

పెద్ద లెన్సు కొట్టేయడానికి అల్లుడుగారికి ఇక కావలసిందల్లా ఒక ట్రైపాడ్.

వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆయన లెక్క ఆయనకుంది. ఆయన మకాం అత్తవారింట్లోనే; ఆ ఇంటి కింది వాటాలో బావమరిది స్టూడియో. పక్షుల ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న వాడు. ఆ స్టూడియోలోంచి ఇప్పటికే రెండు చిన్న లెన్సులు మాయమయ్యాయి. రెండుసార్లూ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇంట్లో అందరినీ "ఆ టైముకి ఎక్కడున్నారు?" అని అడిగాడు. రెండుసార్లూ అల్లుడుగారికి చెమటలు పట్టాయి. "నిద్రపోతున్నాను" అన్నారు. అల్లుడుగారు కదా, ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

పెద్ద లెన్సు సంగతి వేరు. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. నిద్ర సాకు మూడోసారి పనిచేయదు. గట్టి సాక్షి కావాలి. మనుషుల్ని నమ్మడం ఆయనకు ఇష్టం లేదు. తాను ఎలాంటివాడో తనకు తెలుసు.

అందుకే ఉన్నట్టుండి ఆయనకు ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కాకికీ కోకిలకీ తేడా తెలియని మనిషి భోజనాల దగ్గర "పక్షులంటే నాకు ప్రాణం" అన్నారు. ఆయన భార్య మురిసిపోయింది. తమ్ముడి చేత పాత కెమెరా ఒకటి, బారెడు లెన్సుతో సహా, అరువిప్పించింది.

"ఏమోయ్ బావమరిదీ, కెమెరా పెట్టి వదిలేస్తే, ఎవరూ ముట్టుకోకుండా పూటంతా అలాగే నిలబడే స్టాండేదైనా ఉందా?"

ముద్ద కలుపుతున్న బావమరిది చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"లేకేం బావగారూ! ఎల్లుండి వెళ్దాం. నేనే దగ్గరుండి ఇప్పిస్తాను."

షాపులో ట్రైపాడ్ కాళ్ల దగ్గర బావమరిది ఎక్కడా రాజీ పడలేదు. తేలిగ్గా ఉండాలన్నాడు. మూడు కాళ్లూ దేనికది విడిగా తెరుచుకోవాలన్నాడు. బురదలో దిగబడకూడదన్నాడు. కాళ్లయ్యాక హెడ్డు. బాల్ హెడ్డంటారు, కెమెరాను ఎటు కావాలంటే అటు వంచి బిగించుకునే గుండు. షాపాయన ధగధగలాడేదొకటి తీశాడు.

"అది కాదండీ. నిన్న చూసి పక్కన పెట్టమన్నానే, అది."

షాపాయన నసిగాడు. "అదా సార్? దానికన్నా ఇది..."

"అదే ఇవ్వండి."

అల్లుడుగారి ఛాతీ ఉబ్బింది. తన కోసం ఒకరోజు ముందే వచ్చి ఏరిపెట్టాడు, వెర్రిబాగులవాడు! తన ఇంటికి కన్నం వేసేవాడికి తానే గునపం కొనిపెడుతున్నాడు!

"బిగిస్తే కదలదు కదా?" అన్నారు ఎందుకైనా మంచిదని.

"మీరు పక్కనే ఉంటారుగా బావగారూ, భయమేముంది?"

ఆ ఆదివారం బావమరిది ఏదో ఫొటోల పోటీకి జడ్జిగా వెళ్లాడు. అల్లుడుగారు తెల్లారకముందే చెరువు చేరారు. రెల్లు చాటున ట్రైపాడ్ నిలబెట్టి, నీళ్ల మధ్య మోడు మీద నిలబడ్డ కొంగకు గురిపెట్టి, నిమిషానికొక ఫొటో దానంతటదే తీసుకునేలా కెమెరాను సిద్ధం చేశారు. కొంగను దాని మానాన వదిలేసి ఇంటికొచ్చారు. మారు తాళంచెవితో స్టూడియో తెరిచారు. పెద్ద లెన్సు స్కూటరు డిక్కీలో చేరింది.

మధ్యాహ్నం చెరువు దగ్గరికి తిరిగొచ్చేసరికి కెమెరా కాస్త కిందికి చూస్తున్నట్టు అనిపించింది. ఎటు చూస్తే ఆయనకేం? మొదటి నాలుగు ఫొటోలు చూశారు. కొంగ ఉంది, టైము ఉంది. ఇంకేం కావాలి? ఈల వేసుకుంటూ అన్నీ సర్దేశారు.

బావమరిది తిరిగొచ్చి కబురు పెట్టాక, సాయంత్రం ఇన్‌స్పెక్టర్ మూడోసారి వచ్చాడు. ఈసారి అల్లుడుగారికి చెమట పట్టలేదు.

"చెరువు దగ్గరున్నానండీ. తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా కెమెరా పక్కనే. ఆ కొంగ మీంచి చూపు తిప్పితే ఒట్టు! కావాలంటే ఫొటోలు చూసుకోండి."

"ఆయన పొద్దున్నే వెళ్లారండీ, కాఫీ కూడా తాగలేదు" అంది భార్య గర్వంగా.

బావమరిది ఫొటోలు కంప్యూటర్‌లో పెట్టాడు. మొదట మోడు మీద కొంగ, ఎంతో ముచ్చటగా ఉంది. "ఎంత బాగా తీశారండీ!" అంది భార్య. కాసేపటికి కొంగ తల ఫొటో అంచుకు తగిలింది. తర్వాత తల లేదు. ఆ తర్వాత ఉత్త కాళ్లు. తర్వాత మోడు, దాని తర్వాత నీళ్లు. ఇక అక్కడి నుంచి బురద. నిమిషం తప్పకుండా, టైముతో సహా, మధ్యాహ్నం దాకా బురదే.

భార్య ముఖంలో నవ్వు మాయమైంది.

"నాకు ఫొటోల గురించి ఏమీ తెలియదు సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చూపు తిప్పకుండా పక్కనే కూర్చున్నానన్నారు. కొంగ తల తెగిపోతుంటే కెమెరా కాస్త పైకెత్తాలనిపించలేదా? బురదంటే అంత ఇష్టమా?"

అల్లుడుగారి చూపు గుమ్మం బయట ఉన్న స్కూటరు డిక్కీ మీదికి పోయింది.

"స్కూటరు తాళాలు ఇలా ఇవ్వండి."

చెమటలు ధారలు కట్టాయి. ఏం చెయ్యాలో తోచక అల్లుడుగారు బావమరిది మీద విరుచుకుపడ్డారు.

"అంతా వీడి వల్లే! కదలనిది ఇప్పించమంటే ఈ చచ్చు హెడ్డు అంటగట్టాడు! పెద్ద ఫొటోగ్రాఫరట! ఏది మంచిదో ఏది చెడ్డదో కూడా తెలియదు!"

"అంత మాటనకండి బావగారూ" అన్నాడు బావమరిది, ఎప్పటిలాగే మర్యాదగా. "ఆ కెమెరా బరువుకు మెల్లమెల్లగా జారే హెడ్డు కోసం ముందురోజు షాపులో ఉన్నవన్నీ బిగించి చూశాను, ఇదొక్కటే దొరికింది."