చల్ల కుండ

“జెండా కారుకుంది సారూ, మీకు లేదు. సంచి ఇప్పుండ్రి” అన్నాడు జమేదారు ఉప్పలయ్య.

కృష్ణమూర్తి తోలుసంచిని గుండెకు అదుముకున్నాడు. అతను హైదరాబాదులో ఇండియా ప్రతినిధి కార్యాలయం ఉద్యోగి. నిజాం ఇలాకాలో ఆ కార్యాలయం కారును గానీ, ముద్ర వేసిన సంచిని గానీ ఎవరూ సోదా చేయకూడదు.

“సంచికీ అదే మర్యాద వర్తిస్తుంది. ఈ లక్కముద్ర చూడు. కోదాడ దాటగానే పెట్రోలు అయిపోయింది, నడిచి వస్తున్నాను. అంతే.”

“కార్ల కూసోని వస్తే సలాం గొట్టి గేటు లేపేటోన్ని. ఇండియా, నిజాం సర్కారుల నడుమ పంచాయితీ ఏమో గానీ, పెట్రోలు రాకనే పాయె. దొంగసాటుగ వచ్చిన పెట్రోలునేమో మేం గీ నాకా గేటు కాడ జప్తు జేస్తున్నం.” ఉప్పలయ్య చుట్టూ చూశాడు. “సంచి దొరికితే తన ముంగట్నే ఇప్పాలన్నడు మా ఠాణా అమీన్ సాబు. గీ ఇంటి అరుగు మీద కూసోండ్రి, పిల్సుకొస్త.”

అతను వెళ్లగానే కృష్ణమూర్తి బూట్లు విప్పి, బొబ్బలెక్కిన పాదాలు చూసుకున్నాడు. సంచిలో పాలకీడు, నేరేడుచర్ల వైపు పల్లెల జనం వేలిముద్రలేసి ఇచ్చిన మొరలున్నాయి. అవి అమీను కంటబడితే ఆ ఇళ్లు మిగలవు.

“ఏమైంది బిడ్డా, సంచి గట్ల పట్టుకోని కూసున్నవ్?” ఆ ఇంటి ముసలామె బుచ్చమ్మ తలుపు సందులోంచి అడిగింది.

చెప్పాడు. తన పుట్టినూరు పాలకీడు పేరు వినగానే ఆమె అతని రెక్క పట్టుకుని లోపలికి లాగింది. మంచం మీద పడుకోబెట్టి, సంచితో సహా గొంగడి కప్పింది. పెరట్లోంచి వేపకొమ్మ తెచ్చి గుమ్మానికి కట్టింది.

“ఎవరొచ్చినా మూలుగు. మాట్లాడకు.”

ఇంతలో బయట బూట్ల చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది కృష్ణమూర్తికి, తన బూట్లు అరుగు కిందే ఉన్నాయని.

“ఏడీ? ఏడీ ఆ సంచి మనిషి?” అమీను గొంతు.

“గా చేన్లకు అడ్డంబడి పోయిండు దొరా” అంది బుచ్చమ్మ.

“జమేదార్! ఇల్లు చూడు, జల్దీ!”

ఉప్పలయ్య గుమ్మం దాకా వచ్చి ఆగాడు. “వేపకొమ్మ ఉన్నది సాబ్. ఇంట్ల తల్లి పోసింది.”

“ఎవరికి?”

“మా మనుమరాలికి దొరా. ఒళ్లంత పొక్కులు పోసినయ్.”

కృష్ణమూర్తి మూలిగాడు. నిజంగానే మూలుగు వచ్చింది.

అమీను నాలుగడుగులు వెనక్కి వేశాడు. “తౌబా! చేలల్లో వెతకండి” అంటూ ముక్కుకు రుమాలు కట్టుకుని వెళ్లిపోయాడు. ఉప్పలయ్య అరుగు దగ్గరే కాసేపు నిలబడ్డాడు. తర్వాత అతనూ వెళ్లాడు.

కృష్ణమూర్తి లేచి బుచ్చమ్మ పాదాలు ముట్టుకోబోయాడు.

“నాకెందుకయ్యా దండం? నేను ఉత్త కొమ్మ కట్టిన. కాపాడింది పోచమ్మ తల్లి. అబద్ధమాడినందుకు నా మీద కోపం రాకుంటే సాలు.”

“ఈ జన్మలో మరిచిపోనమ్మా.”

ఎండ వాలుతుండగా మళ్లీ అడుగుల చప్పుడైంది. ఈసారి ఒక్క మనిషే. తలుపు సందులోంచి చూసి కృష్ణమూర్తి బిగుసుకుపోయాడు. ఉప్పలయ్య. ఒక చంకలో కుండ. ఇంకో చేతిలో తన బూట్లు!

అతను లోపలికి రాలేదు. బూట్లు గుమ్మం పక్కన పెట్టాడు. గుడ్డ వాసెన కట్టిన కుండను గడప మీద దించి, దూరంగా రోడ్డు మీదున్న అమీనుకు కూడా వినబడేలా అరిచాడు.

“పెద్దమ్మా! తల్లికి సల్ల దెచ్చిన. శాంతించి, పొద్దుగూకకముందే ఊరు దాటిపొమ్మను. సలాం గొట్టి సాగనంపుత.”

కుండకు దండం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

“పాపం, నమ్మిండు” అంది బుచ్చమ్మ కుండను లోపలికి తెస్తూ. వాసెన విప్పి ముంత ముంచింది. “జలుబుతోని నా ముక్కుకు ఏ వాసనా తెలుస్తలేదు, సల్ల పులిసిందో ఏమో సూడు. ముందుగాల నువ్వే తాగాలె. ఇయ్యాల తల్లివి నువ్వే గద!”

కృష్ణమూర్తికి నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. రెండు చేతులా ముంత అందుకుని, కళ్లకద్దుకుని, నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

ముంత నిండా పెట్రోలు.